నాలుగు గంటలకు తెగిపోయే కాల్

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం నారాయణఖేడ్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి దవాఖానలో నా భార్యతో కలిసి పనిచేసిన నర్సు చేసింది. పిల్లల ముచ్చట్లు, డ్యూటీల ముచ్చట్లు అన్నీ అయ్యాక, పెట్టేయబోతూ గుర్తొచ్చినట్టు, "మీరు కిరాయికున్న ఇంటామె ఉండె గదా, ఆపరేటరమ్మ, ఆమె పోయింది. నిద్రల్నే పోయిందంట. బేస్తవారం మట్టి గూడ అయింది" అంది.

నా భార్య ఫోన్ చెవికి ఆనించుకునే నా వైపు చూసింది. మేం ఖేడ్ వదిలి సంగారెడ్డికి వచ్చి రెండేళ్లు. ఒకసారి వెళ్లి చూసి రావాలని అనుకుంటూనే ఆ రెండేళ్లూ గడిపేశాం.

సాయంత్రం దాకా కిటికీ దగ్గరే కూర్చున్నాను. నిద్రా కాదు, మెలకువా కాదు. ఆ ఇంటి వాకిలి కళ్ల ముందు కదులుతూ ఉంది. షాబాద్ బండలు పరిచిన వాకిలి, గోడ వారన సీతాఫలం చెట్టు, దాని కింద ఇనుప కుర్చీ, కుర్చీలో తెల్లచీర. మొహం మాత్రం ఎంత ప్రయత్నించినా నిలవలేదు. గొంతు వచ్చింది. ఊరు కూడా ఆమెను చాలాకాలం గొంతుగానే ఎరిగింది కదా అనుకున్నాను.

ఖేడ్‌లో నంబరు తిప్పుకునే ఫోన్లు రాకముందు, ఎవరింట్లో ఫోన్ ఎత్తినా అది ముందు ఎక్స్ఛేంజ్‌లో మోగేది. అక్కడ కూర్చున్న మనిషికి ఫలానా నంబరు కావాలని చెబితే, ఆమె ఒక తీగ అందుకుని ఎదురుగా ఉన్న చెక్క బోర్డులో సరైన రంధ్రం చూసి గుచ్చేది. అప్పుడు ఇద్దరు మనుషులు కలిసేవారు. అలా కలిపిన మనిషి ఈమె. తర్వాత మెషిన్లు వచ్చాయి, ఆమెను కాగితాల పనికి మార్చారు, అందులోనే రిటైరయింది. ఊరికి మాత్రం ఎప్పటికీ ఆపరేటరమ్మే. అసలు పేరు చర్చి రిజిస్టర్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. నేనూ ఇక్కడ రాయను.

ఆమె మనతో మాట్లాడేటప్పుడు మన మొహం చూసేది కాదు. తల కొంచెం పక్కకు తిప్పి, ఎడమ చెవి మన వైపు పెట్టి, కళ్లు గోడ మీద నిలిపేది. మొదట్లో నాకది నిర్లక్ష్యంలా తోచింది. కొన్నాళ్లకు తెలిసింది, అంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్లు నా బతుకులో ఎవరూ లేరని. మాట పూర్తయ్యాక వెంటనే లేచేది కాదు. ఒక్క క్షణం ఆగి, "అయిందా?" అని అడిగేది. కూరగాయలామెనైనా, చర్చి నుంచి వచ్చిన పెద్దమనిషినైనా, గేటు దగ్గర దారి అడిగిన ఆటో అతన్నైనా. "అయింది" అని వాళ్లు అన్నాకే లోపలికి వెళ్లేది. మాటల మధ్యలో లైన్ తెంపకూడదన్న అలవాటు అది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా మనకు మర్యాదగా చెప్పి వెళ్లేది, "జర లైన్ల ఉండు బేటా" అని.

మనుషులను నంబర్లతో గుర్తుపెట్టుకునేది. "పద్దెనిమిది కొడుకు పెండ్లి" అనేది, "నలభై ఒకటి పోయిండు, పాపం, మంచి గొంతు" అనేది. కొన్ని మధ్యాహ్నాలు, ఎండ మెల్లగా గోడ దిగుతున్న వేళ, చెట్టు కింద కళ్లు మూసుకుని ఆ నంబర్లు వరసగా చెప్పుకునేది. ఒకటి, బస్ డిపో. రెండు, దవాఖాన. మూడు, తాలూకాఫీసు. వందకు లోపలే ఉన్న ఆ పాత ఊరంతా ఆమె పెదవుల మీద నెమ్మదిగా నడిచిపోయేది. పైనుంచి వింటుంటే నాకు కునుకు పట్టేది.

ఒకసారి అడిగాను, "అమ్మా, అప్పట్ల అందరి మాటలు వినేటిదానివా?"

"వినకుంటె ఎట్ల తెలుస్తది, కలిసింది లేనిది. విన్న. యాదికుంచుకోలె."

గోడనే చూస్తూ, "యాదికుంచుకోవద్దు అనుకున్నవే ఉండిపోయినయి" అంది. ఆ రోజు మాత్రం ఆమె "అయిందా?" అనలేదు.

కరోనా తర్వాత మా కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోమంది. అప్పుడే నా భార్యకు ఖేడ్ దవాఖానలో పోస్టింగ్ వచ్చింది. మా సొంతూరు అక్కడికి పక్కనే, కంగ్టి దగ్గర కాబట్టి సంతోషంగా వచ్చి ఆపరేటరమ్మ ఇంటి పై వాటాలో దిగాం. నా పని సాయంత్రం నాలుగింటికి మొదలయ్యేది. ఎక్కడో దూరదేశంలో అప్పుడు తెల్లవారుతుంది, వాళ్ల బీమా కాగితాలు నేను సరిచూడాలి. నెట్ తీగ లాగడానికి వచ్చినతను పై దాకా తేవడం కష్టమని, వైఫై డబ్బాను కింద ఆమె హాలు కిటికీలో బిగించాడు. పాస్‌వర్డు ఆమె ఫోన్‌లోనూ వేసి ఇచ్చాను.

ఆ డబ్బా మీది ఆకుపచ్చ దీపాలను ఆమె మొదటిరోజు చాలాసేపు చూసింది. "మీదికి తీగ లేదు గదా, ఎట్ల కలుస్తున్నది?" అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. తల పక్కకు తిప్పి అంతా విని, "అంటే గీ డబ్బల గూడ ఒక ఆపరేటర్ ఉన్నట్టే" అంది.

అప్పటికి బీదరులో ఉన్న ఆమె అక్కకు పక్షవాతం వచ్చి, మాట పడిపోయి ఆరు నెలలు. ఇక్కడ నెట్ వచ్చిందని తెలిసి, అక్క కోడలు రోజూ నాలుగింటికి వీడియో కాల్ చేయసాగింది. అత్త మంచం ముందు ఫోన్ నిలబెట్టి తన పనికి తాను వెళ్లిపోయేది. ఇటు ఈమె, అటు ఆమె. "ఊట ఆయ్తా అక్కా?" అని ఈమె కన్నడంలో అడిగేది, అన్నం తిన్నావా అని. ఇద్దరూ చిన్నప్పుడు బీదరు హాస్టల్లో ఉండి చదువుకున్నారు, అది అప్పటి మాట. అక్క నుంచి జవాబు ఉండదు. ఆ తర్వాత ఇద్దరూ ఊరికే కూర్చునేవారు. ఈమె చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంటూనో, చీర అంచు కుట్టుకుంటూనో ఉండేది. అవతల ఒక ఫ్యాను తిరిగేది. ఎక్కడో పావురాలు కువకువలాడేవి. టీ తాగి పైకెక్కుతూ మెట్ల మీద ఆగితే, ఖేడ్ మధ్యాహ్నమూ బీదరు మధ్యాహ్నమూ ఆ చిన్న హాలులో కలిసిపోయి వినిపించేవి. గంట గడిచాక కోడలు వచ్చి కాల్ ఆపేది.

ఒక ఏడాది అలా సాగింది. అప్పుడు నా లాప్‌టాప్ పాడైంది. కంపెనీ ఇంకోటి పంపింది. కొత్తది కాదు, ఆఫీసులో ఎవరో వాడింది. అది వచ్చినప్పటి నుంచి పని మొదలుపెట్టే వేళకు నెట్ రెండు మూడుసార్లు తెగి, తర్వాత కుదురుకునేది. స్క్రీన్ మూలన ఏదో చిన్న హెచ్చరిక కూడా వచ్చేది. ఊళ్లో నెట్ ఇంతే అనుకుని, చదవకుండానే దాన్ని మూసేసేవాణ్ణి.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు నెట్ మరీ విసిగిస్తుంటే, డబ్బాను ఒకసారి ఆపి వేద్దామని కిందికి దిగాను. నాలుగుంబావు అయివుంటుంది. ఆపరేటరమ్మ నల్లబడిన ఫోన్ ముందు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పళ్లెంలో చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి.

"కాల్ అయిపోయిందా అమ్మా?"

"నాది కాలే. ఆమెదయింది."

నాకర్థం కాలేదు. ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది, "మా అక్క కట్ చేస్తున్నది బేటా. ఒక చెయ్యి ఆడుతది గదా. దినాం గింతే. పది నిమిషాలు చూస్తది, కట్ చేస్తది."

"నెట్ గడబిడ కావచ్చమ్మా. నాకు గూడ తెగుతున్నది."

"నెట్ గాదు. ఎందుకు చేస్తున్నదో నాకెరుక."

అప్పుడు చెప్పింది. అంతవరకూ ఎవరికీ చెప్పలేదని ఆమె చెప్పే తీరులోనే తెలిసింది, ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

ఆ రోజుల్లో అక్క కుటుంబం ఖేడ్‌లోనే ఉండేది. బావకు ఎరువుల దుకాణం. దుకాణం నుంచి ఆయన వారానికి రెండుసార్లు జహీరాబాద్‌కు ట్రంక్ కాల్ చేసేవాడు. అటు ఎత్తేది ఒక ఆడమనిషి. కలిపేది ఈమె. మొదటి కాల్‌లోనే ఈమెకు సంగతి తెలిసిపోయింది. ఎక్స్ఛేంజ్‌లో విన్నది బయట అనకూడదని నియమం. రెండేళ్లు కలిపింది. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఆమె భోజనం అక్క ఇంట్లోనే. అక్క చేసిన జొన్నరొట్టె తింటూ, ఎదురుగా బావ కూర్చుంటే కంచం లోంచి తల ఎత్తేది కాదు. చివరికి ఒకనాడు ఇంట్లో గొడవ జరిగి, బావే అన్నాడు, "నీ చెల్లెనే కలిపింది, పోయి ఆమెనడుగు" అని.

అక్క ఎండలో నడుచుకుంటూ ఎక్స్ఛేంజ్‌కు వచ్చింది. బల్ల మీద ఇద్దరు ముగ్గురు కాల్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. వాళ్ల ముందే అడిగింది, "నీకెరుకనా?"

"అది డ్యూటీ అక్కా" అంది ఈమె.

అక్క వెనక్కి తిరిగి ఆ ఎండలోనే వెళ్లిపోయింది. ఆ ఏడే దుకాణం ఎత్తేసి బీదరు చేరారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అక్క ఈమెతో మాట్లాడలేదు. బావ పోయినప్పుడు ఈమె వెళ్తే, మొహం గోడకు తిప్పుకుంది.

"ఇగ పక్షవాతమొచ్చింది. మాట వోయింది. కోడలు మంచిది, ఫోన్ ముందర పెడుతున్నది. అక్క ఇష్టంతోని చూస్తున్నదో, పెట్టిండ్రు గదాని చూస్తున్నదో నాకు తెల్వదు. అయినా మంచిగుండె. మూడు వారాల కింద నేనే ఆగలేక నోరిప్పిన. అక్కా, బావ ముచ్చట నీతోని జర మాట్లాడాలె అన్న. గంతే అన్న. తెల్లారి నుంచి కట్ చేస్తున్నది. మాట లేనామె జవాబు ఇంకెట్లిస్తది?"

పళ్లెం దగ్గరికి లాక్కుంటూ ఆమే, "అయింది బేటా, పో, నీ పనికి యాళ్లయింది" అంది. డబ్బాను ముట్టుకోకుండానే పైకి వచ్చేశాను.

ఆ నెల శని ఆదివారాలు కూడా పనే ఉండటంతో, ఆ తర్వాతి మంగళవారం సెలవు పెట్టాను. నా భార్యా నేనూ బోరంచ నల్లపోచమ్మ గుడికి వెళ్లి, చీకటి పడకముందే తిరిగొచ్చాం. గేటు తీస్తుంటేనే ఆపరేటరమ్మ ఎదురొచ్చింది. ఎప్పుడూ ఎదురు రాని మనిషి. నా భార్య చెయ్యి పట్టుకుని, "ఇయ్యాల అక్క గంటసేపు కూసుంది బిడ్డా" అంది. "ఏమనుకున్నదో ఏమో, కట్ చెయ్యలే. కండ్లు మూసుకుంటున్నది, తెరుస్తున్నది, నన్నే చూస్తున్నది." ప్రసాదం చేతిలో పెడితే తినడం కూడా మరిచి అలాగే నిలబడింది.

మర్నాడు మామూలుగా నాలుగింటికి లాప్‌టాప్ తెరిచాను. నెట్ తెగింది, కలిసింది, తెగింది, కుదిరింది. కిందినుంచి ఆమె లేచి తలుపు దగ్గరికి నడిచిన చప్పుడైంది. నాలుగూ పది. అప్పుడు నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. నిన్న నేను ఇంట్లో లేను. నిన్న లాప్‌టాప్ సంచిలోంచి బయటికి రాలేదు. మూడు వారాల కిందటే ఈ లాప్‌టాప్ ఈ ఇంట్లోకి వచ్చింది.

ఆ రోజు పని ఎలా చేశానో గుర్తులేదు. మర్నాడు పొద్దున్నే కిందికి దిగాను. ఆమె సీతాఫలం చెట్టుకు నీళ్లు పోస్తోంది.

"అమ్మా, ఒక మాట చెప్పాలె. కాల్ కట్ చేసేది మీ అక్క కాదు. నా లాప్‌టాప్ అనుకుంట."

ఆమె చెంబు కింద పెట్టి, ఎడమ చెవి నా వైపు తిప్పింది. నా సెలవు రోజు సంగతి, మూడు వారాల సంగతి అన్నీ చెప్పాను. అంతా విని, తల అడ్డంగా ఊపింది.

"నన్ను సముదాయించకు బేటా. నా మనసుకు కష్టమైతదని చెప్తున్నవు."

"నిజం అమ్మా."

"నిజమైతె చెప్పుడెందుకు. చూపి."

చూపించడానికి నా భార్యను పట్టుకున్నాం. ఆమె దవాఖాన డ్యూటీలో టీ తాగే వేళ చూసి, ఆపరేటరమ్మ ఫోన్ నుంచి వీడియో కాల్ కలిపాను. కాల్ బాగా నడుస్తుంటే నేను పైకి వెళ్లి లాప్‌టాప్ వేశాను. ఆపరేటరమ్మ ఫోన్ చేత పట్టుకుని మెట్ల మొదట్లో నిలబడింది. ఒక నిమిషం. తర్వాత ఆమె చెయ్యి మెల్లగా పైకి లేచింది, తెగిందని. లాప్‌టాప్ ఆపాను. కాల్ మళ్లీ కలిసింది. వేశాను. చెయ్యి లేచింది.

"ఇంకొకసారి" అంది కింది నుంచి.

మూడోసారీ అంతే. నాలుగోసారీ అంతే. అవతల నా భార్య, "వార్డుల మంది ఎదురుచూస్తున్నరు, ఏం ఆట ఇది?" అంటోంది. ఆమె మాట పూర్తికాకుండానే మళ్లీ తెగింది. "ఇంకొక్కసారి బేటా" అంది ఆపరేటరమ్మ, ఈసారి ఇంకా చిన్న గొంతుతో. అయిదోసారి తెగాక ఆమె మొదటి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఫోన్‌ను రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది.

"అంటే అక్క కాదు" అంది. నన్ను అడగలేదు, తనకు తానే చెప్పుకుంది.

ఇక ఎందుకు తెగుతోందో పట్టుకోవాలి. లాప్‌టాప్‌ను కిందికే తెచ్చి, ఆమె హాలులో చాప మీద కూర్చున్నాను. రోజూ మూసేసే ఆ హెచ్చరికను మొట్టమొదటిసారి చదివాను. ఈ నంబరును ఇంకో పరికరం కూడా వాడుతోంది అని ఉంది.

ఆమెకు వివరించాను. కిటికీలోని డబ్బా ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌కూ, ప్రతి లాప్‌టాప్‌కూ ఒక నంబరు ఇస్తుంది. ఎవరి నంబరు ఏదో గుర్తుంచుకుని, ఎవరికి వచ్చింది వాళ్లకు పంపుతుంది. ఈ లాప్‌టాప్ ఇంతకుముందున్న ఆఫీసులో, డబ్బాతో పని లేకుండా దీనికి ఒక నంబరు ఎవరో ఖాయంగా రాసిపెట్టారు. అది చెరపకుండానే నాకు పంపారు.

"నంబర్ చదువు" అంది.

నాలుగు ముక్కలుగా ఉన్న నంబరును మెల్లగా చదివాను. ఒక్కో ముక్కా ఆమె తిరిగి పలికింది. ఆ పలకడంలో గొంతు మారిపోయింది. ముసలితనం పోయింది, చలించని ఒక నిదానం వచ్చింది. ముప్పై ఏళ్ల కింద ఫోన్ ఎత్తినవాళ్లకు ఇదే వినబడి ఉంటుంది అనుకుని, ఒక్క క్షణం చదవడం మరిచిపోయాను.

"ఆఖరుది?"

"ఏడు."

"ఇగ నా ఫోన్‌ది చదువు."

ఆమె ఫోన్ తీసుకుని వెతికి చదివాను. మూడు ముక్కలూ అవే. చివర ఏడు.

ఆపరేటరమ్మ నవ్వింది. ఆ ఇంట్లో దిగాక ఆమె నవ్వు వినడం అదే మొదలు, శ్వాస వదిలినంత చిన్న నవ్వు. "రెండిండ్లకు ఒక్క నంబర్ ఇస్తరా ఎవరన్న? రింగ్ ఎవరికి పోవాలె? నువ్వు ఏడు అని లేస్తున్నవు, నేను ఏడు అని కూసున్న. డబ్బలున్న ఆపరేటర్ ఏం చేస్తది పాపం, ఆఖరుకు ఎవరు పలికితే వాళ్లకు కలుపుతది." తర్వాత ఏదో గుర్తొచ్చి, "మా కాలంల వానకు తడిసి పోలీస్ ఠాణా లైనూ నూనె గానుగ లైనూ ఒకటైనయి. రెండు దినాలు ఫిర్యాదులన్ని గానుగాయననే విన్నడు. ఓపికమంతుడు, అందరికి సరే సరే అన్నడు" అంది.

"ఇప్పుడు నాది మార్చాల్నా, నీది మార్చాల్నా?"

"నాదే అమ్మా. వెనక వచ్చింది నేనే."

లాప్‌టాప్‌లో రాసిపెట్టి ఉన్న నంబరు చెరిపేసి, డబ్బా ఏది ఇస్తే అదే తీసుకొమ్మని పెట్టాను. అరనిమిషం పని. మళ్లీ చదివితే చివర పదకొండు వచ్చింది. "పదకొండు" అని ఆమె ఒకసారి పలికి, తల ఊపింది. కానీ నమ్మలేదు. "నాలుగింటికి చూస్త. నువ్వు ఈడ్నే కూసోని పని చెయ్యి, నా కండ్ల ముందర" అంది.

నాలుగింటికి ఆమె హాలులోనే, కిటికీ పక్కన, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. బయట గాలి లేదు. బండల మీద ఎండ పసుపు రంగుకు తిరుగుతోంది. కాల్ వచ్చింది. కోడలు పలకరించి, ఫోన్ నిలబెట్టి వెళ్లిపోయింది. అక్క మొహాన్ని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. సగం మొహం నిద్రపోతున్నట్టు, సగం మెలకువగా ఉన్నట్టు ఉంది.

"ఊట ఆయ్తా అక్కా?"

నాలుగూ అయిదు. నేను పని మొదలుపెట్టాను. నాలుగూ పది. ఆపరేటరమ్మ ఒకసారి నా వైపు, ఒకసారి ఫోన్ వైపు చూసింది. నాలుగుంబావు. అవతల ఫ్యాను తిరుగుతూనే ఉంది. నేను లాప్‌టాప్ తెర ఆమెకు కనబడేలా తిప్పాను, నడుస్తోందని. ఆమె చేతిలోని చిక్కుడుకాయ పళ్లెంలో పెట్టేసింది. తలను పక్కకు తిప్పలేదు. అక్క మొహాన్ని సూటిగా చూసింది.

"అక్కా, మూడు వారాల సంది నువ్వే కట్ చేస్తున్నవనుకున్న. నువ్వు కాదంట. ఈ పిల్లగాని మిషన్‌ది నాది ఒక్కటే నంబరాయె, అందుకు తెగిందంట. తప్పు నేను నీమీద పెట్టిన."

అక్క కళ్లార్పింది.

"అప్పుడు నువ్వు ఎండల నడుసుకుంట వచ్చి అడిగితివి. నేను డ్యూటీ అన్న. డ్యూటీ కాదక్కా. భయం. చెప్తే నీ సంసారం ఏమైతదో అని భయం, నువ్వు నన్ను ఇంట్లకు రానియ్యవేమో అని భయం. నీ చేతి రొట్టె పోతదని భయం. రెండేండ్లు నీ ముందర కూసోని తిన్న. జర ముందుగాల నేనే చెప్పి ఉంటే నువ్వు అంత మంది ముందర నన్ను అడిగే అవసరమే రాకపోవు."

నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను. కానీ లేస్తే ఏదో తెగుతుందేమోనన్న భయం పట్టుకుంది, కదలకుండా కూర్చున్నాను. అవతల అక్క మొహం తిప్పుకోలేదు. మెలకువగా ఉన్న సగం మొహం మీద నుంచి ఒక నీటి చార చెవి దాకా పాకింది. ఎవరూ తుడవలేదు. ఇద్దరూ అలాగే చూసుకుంటూ ఉన్నారు. ఎంతసేపో తెలియదు, కిటికీ ఎండ చాప దాటి గోడ ఎక్కింది.

గంట దాటాక కోడలు వచ్చింది. ఫోన్ అటూ ఇటూ ఊగింది. అవతల ఏదో చిన్న పెనుగులాట. తర్వాత కోడలి గొంతు, "చిన్నత్తా, మా అత్త మొబైల్ పట్టుకున్నది. ఇయ్యమంటే ఇస్తలేదు."

"ఉండనియ్యి బిడ్డా" అంది ఆపరేటరమ్మ. "ఛార్జింగ్ ఉన్నంతసేపు ఉండనియ్యి."

వారం తిరగకముందే కోడలు ఫోన్ చేసి, అత్త పొద్దున లేస్తే బట్టల సంచీని చూపిస్తోందని చెప్పింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. కొడుకు చుట్టాలందరి పేర్లూ ఒక్కొక్కటే చెప్పి చూశాడట, ఎవరి దగ్గరికి పోతావని. ఖేడ్ చెల్లె పేరు దగ్గర ఆమె కళ్లార్పింది. ఆ ఆదివారం కారు వచ్చి గేటు ముందు ఆగింది. నేనూ కొడుకూ కలిసి ఆమెను కుర్చీతో సహా ఎత్తి వాకిట్లోకి తెచ్చాం. ఆపరేటరమ్మ ముందే గేటు రెండు రెక్కలూ బార్లా తీసిపెట్టి, కొంగు నడుముకు దోపుకుని, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు అటూ ఇటూ జరుగుతూ ఉంది.

అక్క ఆ ఇంట్లో వానలు పడేదాకా ఉంది. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున పోయింది, చెల్లెలి మంచం పక్క మంచంలో. ఆ అయిదు నెలలూ మా ఇంట్లో నాలుగింటికి ఫోన్ మోగలేదు. నేను పైన పని చేసుకుంటుంటే, కింద ఒక్క గొంతే గంటల తరబడి మెల్లగా మాట్లాడుతూ ఉండేది. కొన్నిసార్లు తెలుగు, కొన్నిసార్లు కన్నడం. ఆ మాటలేంటో నాకు వినబడేవి కావు, వినాలని ప్రయత్నించనూ లేదు.

ఒక మధ్యాహ్నం నేను బజారుకు వెళ్లాలని దిగాను. సీతాఫలం నీడలో అక్క కుర్చీలో కూర్చుని ఉంది, తల వెనక్కి వాలి ఉంది. ఆపరేటరమ్మ వెనక నిలబడి ఆమె తల దువ్వుతోంది. తెల్లటి పలుచటి జుట్టు, దువ్వెన పళ్లలోంచి నీళ్లలా జారుతోంది. అక్క నిద్రపోయింది. అయినా ఈమె దువ్వడం ఆపలేదు. నన్ను చూసి, మాట్లాడకుండా, అరచేయి కిందికి చూపి రెండుసార్లు ఆడించింది, మెల్లగా పో అని. నేను చెప్పులు విడిచి చేత పట్టుకున్నాను. కాలుతున్న బండల మీద ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ గేటు దాకా నడిచి, చప్పుడు కాకుండా గడియ తీసి, బయటికి వెళ్లాక చెప్పులు వేసుకున్నాను.